అద్దె కారు, రాజుగారి దివాను, సిసిలీ కొండలు

యూరప్‌లో ఆన్‌సైట్‌లో ఉన్న మనవాళ్ళు ఇటలీ అనగానే రోము, వెనిస్, పీసా అని ముందే లెక్క వేసేసుకుంటారు. వీలైతే ఫ్లోరెన్స్. పీసా గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు ఒక ఫోటో దిగితే ఇటలీ అయిపోయినట్టే. తప్పేం లేదు, ఆ ఫోటో నా దగ్గరా ఉంది :) కానీ నాలుగు రోజుల సెలవు, చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉంటే ఈసారి సిసిలీ ద్వీపానికి, పలెర్మోకి టికెట్ కొనండి. దిగగానే విమానాశ్రయంలోనే కారు అద్దెకి తీసుకోండి.

కారు ఎందుకంటారా? పలెర్మోలో ఏ గైడు పుస్తకం తెరిచినా ఒకటే కథ. 12వ శతాబ్దంలో ఇక్కడ నార్మన్ రాజుల నీడలో లాటిన్లు, గ్రీకులు, అరబ్బులు, యూదులు కలిసిమెలిసి బతికారు, స్వర్ణయుగం, పరమత సహనం వగైరా. ఆ కథకి సాక్ష్యాలన్నీ ఊళ్ళోనే ఉన్నాయి, కాలినడకన చూసెయ్యొచ్చు. ఆ కథ ఎలా ముగిసిందో చెప్పే చోట్లు మాత్రం ఊరి వెనక కొండల్లో ఉన్నాయి. అక్కడికి వేళకు బస్సు దొరకటం కష్టం, టూరిస్టులూ పెద్దగా వెళ్ళరు. నా దృష్టిలో రెండోది చూడకపోతే మొదటిది చూసినట్టు కాదు.

ముందు కారు సంగతి తేల్చేద్దాం. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది ఇండియాలో ఉన్నప్పుడే రవాణా ఆఫీసులో తీసుకుని పెట్టుకోండి. బండి నడిపేవాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డిపాజిట్ దాని మీదే బ్లాక్ చేస్తారు. చవకలో దొరికేవి ఎక్కువగా గేర్లున్న చిన్న బండ్లే. తాళం చేతికి రాగానే బండి చుట్టూ తిరిగి ఉన్న గీతలన్నీ ఫోటో తీసుకోండి (ఒక కంపెనీవాళ్ళు పాత గీతకి నాకు బిల్లు పంపారు, ఫోటో చూపించాక ఊరుకున్నారు). బంకులో గసోలియో అంటే డీజిల్, బెంజీనా అంటే పెట్రోలు. పాత ఊళ్ళ నడిబొడ్డున జడ్‌టీఎల్ అన్న బోర్డు కనిపిస్తే పర్మిట్ లేకుండా లోపలికి పోకూడదు. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది. అంతే, ఇక బయల్దేరదాం.

పలెర్మో విమానాశ్రయం ఊరికి పడమరగా ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, ఒకపక్క సముద్రం, ఒకపక్క నిట్టనిలువు కొండ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాని పేరు ఫాల్కోనె-బొర్సెల్లీనో. ఇద్దరూ మాఫియా కేసులు చూసిన మేజిస్ట్రేట్లు. ఇద్దర్నీ 1992లోనే చంపేశారు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే ఏ29 హైవే మీద కొంత దూరం పోగానే కపాచీ అనే ఊరి దగ్గర రోడ్డుకి రెండువైపులా ఎర్రటి స్తంభాలు కనిపిస్తాయి. 1992 మే 23 సాయంత్రం జొవాన్ని ఫాల్కోనె రోము నుంచి ఇదే విమానాశ్రయంలో దిగి, ఇదే రోడ్డు మీద తనే కారు నడుపుకుంటూ వెళ్తున్నాడు. రోడ్డు కింది కల్వర్టులో దాదాపు 500 కిలోల పేలుడు పదార్థం పెట్టి పేల్చారు. ఫాల్కోనె, ఆయన భార్య ఫ్రాంచెస్కా మొర్వీల్లో, ముగ్గురు అంగరక్షకులు చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే, జులై 19న, పావులో బొర్సెల్లీనోని, ఆయన అంగరక్షకుల్లో అయిదుగుర్నీ పలెర్మో వీధిలో కారు బాంబుతో చంపారు.

ఫాల్కోనె గొప్పతనం తుపాకుల్లో లేదు, కాగితాల్లో ఉంది. అంతకుముందు మాఫియా కేసులు సాక్షులు నోరు విప్పక వీగిపోయేవి. ఈయన 1980 ప్రాంతంలో బ్యాంకుల్లో చెక్కులు, డిపాజిట్ రసీదులు తెప్పించుకుని, ఎవరి డబ్బు ఎక్కణ్ణించి ఎక్కడికి పోయిందో కూర్చుని లంకె వెయ్యటం మొదలుపెట్టాడు. సాక్షి భయపడతాడు, చెక్కు భయపడదు కదా. 1986లో మొదలైన మహా విచారణలో దాదాపు 475 మంది ముద్దాయిలు. 1987 డిసెంబరులో 300కి పైగా మందికి శిక్షలు పడ్డాయి. 1992 జనవరిలో పై కోర్టు ఆ తీర్పు ఖాయం చేసింది. నాలుగు నెలల తర్వాత కపాచీ. రిమోట్ నొక్కినవాడి పేరు జొవాన్ని బ్రూస్కా. వాడి సొంత ఊరు సాన్ జుసెప్పె యాతో. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఎనిమిది వందల యాభై ఏళ్ళు వెనక్కి వెళ్దాం. సిసిలీ మీదికి అరబ్బులు 827లో వచ్చారు, 831లో పలెర్మో వాళ్ళ చేతికొచ్చింది. రెండు వందల నలభై ఏళ్ళ తర్వాత, 1072లో, ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్ సాహసికులు దాన్ని పట్టుకున్నారు. అప్పటికి పశ్చిమ సిసిలీలో ఎక్కువమంది ముస్లింలు. వచ్చినవాళ్ళు గుప్పెడు మంది గుర్రపు రౌతులు. ఏ పొలం ఎవరిది, ఎవరు ఎంత పన్ను కడుతున్నారు అన్న లెక్కలన్నీ అరబీలో ఉన్నాయి, లేదా గ్రీకులో. మన భాషలో చెప్పాలంటే, కంపెనీని కొన్నారు, కోడ్ చదవటం మాత్రం రాదు. కాబట్టి పాత టీముని ఉంచుకున్నారు.

దీనికి చేతికందే సాక్ష్యం ఒకటి పలెర్మో ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో ఉంది. 1109లో, చిన్న పిల్లాడైన రెండో రోజర్ తరఫున రాజ్యం నడిపిన అతని తల్లి అదెలాసియా ఇచ్చిన ఉత్తర్వు. గ్రీకులోనూ అరబీలోనూ ఉంటుంది. యూరప్‌లో మిగిలిన కాగితపు దస్తావేజుల్లో అత్యంత పాతవాటిల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. అప్పటికి మిగతా యూరప్ తోలు మీద రాసుకుంటోంది.

ఆ పిల్లాడే 1130 క్రిస్మస్ రోజున పలెర్మోలో రాజుగా పట్టాభిషేకం చేసుకున్నాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. రెండో రోజర్ దివాను ఊరికే పాత అరబ్బుల ఆఫీసుకి కొనసాగింపు కాదు. చరిత్రకారుడు జెరెమీ జాన్స్ ఈ దస్తావేజుల మీద చాలా ఏళ్ళు పనిచేసి చూపించింది ఏమిటంటే, మధ్యలో అరబీ ఉత్తర్వులు దాదాపు ఆగిపోయి, 1130 తర్వాత ఈజిప్టు ఫాతిమిదుల దర్బారు పద్ధతి చూసి మళ్ళీ కొత్తగా మొదలయ్యాయి. అంటే అవసరం కొంత, దర్జా కొంత. కైరోలో ఖలీఫాకి ఎలాంటి ఆఫీసుందో తనకీ అలాంటిదే కావాలి. పట్టాభిషేకం తర్వాత మూడు నాలుగేళ్ళకి తయారైన అతని ఎర్ర పట్టు శాలువా మీద, ఒంటెల్ని పడగొడుతున్న సింహాలు, అంచు చుట్టూ అరబీ అక్షరాలు, హిజ్రీ సంవత్సరం 528. ఆ శాలువా ఇప్పుడు వియన్నాలో ఉంది. జర్మన్ చక్రవర్తులు శతాబ్దాల పాటు పట్టాభిషేకాల్లో దాన్నే కప్పుకున్నారు, అరబీ రాతతో సహా.

మాటల్లో ఆ దివాను ఇంకా మిగిలే ఉంది. ఇటలీలో కస్టమ్స్ ఆఫీసుని దొగానా అంటారు, అది అరబీ దివానే. మన జమీందారీ ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే దివాణం కూడా అదే మాట, దారి వేరు. కొండల్లో కలతఫీమి, కల్తనిస్సెత్తా అన్న ఊళ్ళ పేర్లలో ముందున్న ముక్క అరబీ ఖలా, అంటే కోట. ఓరుగల్లు ఖిల్లాలో ఉన్నదీ అదే. రోజర్ నౌకాదళాధిపతి, అంతియొక్ జార్జి అనే గ్రీకు క్రైస్తవుడు, బిరుదు అమీర్ల అమీరు. ఇంగ్లీషు అడ్మిరల్‌లో ఉన్నదీ అమీర్ అన్న మాటే. అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవాళ్ళందరూ ఒక్క నిమిషం ఆగి గర్వపడొచ్చు :)  ఇక నారింజ మన వైపు నుంచే బయల్దేరింది. ద్రావిడ మాట సంస్కృతం, పారసీకం, అరబీల మీదుగా సిసిలీ చేరి అరాంచా అయిందని భాషావేత్తలు చాలామంది అంటారు. చెట్టు కూడా అదే దారిన అరబ్బులతో వచ్చింది.

రాజభవనంలో పలటైన్ చాపెల్ అని రోజర్ కట్టించిన చర్చి ఉంది. 1140లో ప్రతిష్ఠ. గోడల మీద బంగారు మొజాయిక్కులు గ్రీకు పద్ధతివి. తలెత్తి చూస్తే కప్పు మాత్రం తేనెపట్టులా చెక్కిన కొయ్య, దాని మీద అరబ్బు చిత్రకారులు వేసిన బొమ్మలు. పాటగాళ్ళు, మద్యం తాగేవాళ్ళు, చదరంగం ఆడేవాళ్ళు. చర్చి కప్పు మీద! మెడ నొప్పి పుట్టేదాకా చూడండి, దాపరికం లేకుండా చెబుతున్నా, టికెట్ డబ్బు ఆ కప్పుకే చెల్లు. అల్ ఇద్రీసీ అనే భూగోళ శాస్త్రవేత్త ఈ భవనంలోనే రోజర్ కోసం ఏళ్ళ తరబడి పనిచేసి, 70 పటాలతో ప్రపంచ వర్ణన గ్రంథం 1154లో పూర్తిచేశాడు. అందులో దక్షిణం పైన ఉంటుంది.

సాఫ్ట్‌వేరువాళ్ళకి నేను ప్రత్యేకంగా చూపించాలనుకునేది మాత్రం లా జీసా అనే వేసవి భవనంలోని ఒక చిన్న రాయి. అన్నా అనే ఆవిడ 1148లో చనిపోయింది. కొడుకు గ్రిసాంతుస్ రాజుగారి దగ్గర పనిచేసే క్రైస్తవ పూజారి. తల్లి సమాధిరాయి మీద సంగతిని నాలుగు రకాలుగా చెక్కించాడు. లాటిన్, గ్రీకు, అరబీ, నాలుగోది హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబీ. దేని క్యాలెండరు దానిదే. లాటిన్‌లో 1148, గ్రీకులో 6656, అరబీలో 543. భాష మార్చినప్పుడు తేదీ పద్ధతి కూడా మార్చాలన్న సంగతి మనం ఇప్పటికీ రిలీజుకి రెండు రోజుల ముందు కనుక్కుంటాం. వాడు రాయి మీద చేశాడు, ప్యాచ్ వేసే వీలు లేదు.

ఇదంతా చూసి బయటికొస్తే గైడు పుస్తకం కరెక్టే అనిపిస్తుంది. కానీ అదే కాలంలో జరిగిన మిగతావి పక్కన పెట్టి చూడండి.

దివానులో పైకి రావాలంటే సాధారణంగా బాప్తిస్మం పుచ్చుకోవాలి. రాజభవనంలో పెద్ద ఉద్యోగులు చాలామంది అలా మారిన ముస్లిం నపుంసకులు. అలాంటివాడే మహ్దియా ఫిలిప్. రోజర్ నౌకాదళంతో వెళ్ళి ఆఫ్రికా తీరంలో ఒక ఊరిని జయించి వచ్చాడు. తిరిగొచ్చాక లోపల్లోపల ఇంకా ముస్లిమేనని ఆరోపణ. 1153లో అదే రోజర్ అతన్ని బతికుండగా కాల్పించాడు. అవును, అదే ఉదారుడైన రోజర్.

1161లో రోజర్ కొడుకు మొదటి విలియం మీద ప్రభువులు తిరగబడ్డారు. భవనంలోకి జొరబడి దొరికిన నపుంసక ఉద్యోగుల్ని చంపారు. ఊళ్ళో జనం ముస్లిం వ్యాపారుల మీద, పన్ను కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళ మీద పడ్డారు. భూముల హద్దులు, ఆనవాయితీలు రాసిన దివాను పుస్తకాలు ఆ గొడవలో పోయాయి. వాటిని లాటిన్‌లో దెఫెతారీ అనేవాళ్ళు, అంటే అరబీ దఫ్తర్లే. మరి బ్యాకప్? లేదు. ఆ పుస్తకాల్లో ఏముందో నోటికొచ్చిన నోటరీ ఒకడున్నాడు, మాథ్యూ అని, అప్పటికి జైల్లో ఉన్నాడు. తిరుగుబాటు అణిగాక రాజు అతన్ని జైలు నుంచి తీయించి, కూర్చోబెట్టి మళ్ళీ రాయించాడు. డాక్యుమెంటేషన్ అంతా ఒక్కడి బుర్రలో ఉంటే ఆ ఒక్కడికి లాభమేమిటో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ మాథ్యూ తర్వాత ఛాన్సలర్ దాకా ఎదిగాడు.

లోపలి పరిస్థితి బయటపెట్టినవాడు ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడు. స్పెయిన్ ముస్లిం. మక్కా నుంచి తిరిగొస్తుంటే 1184 డిసెంబరులో ఓడ మెస్సీనా దగ్గర బద్దలైంది. అప్పుడు రాజు రెండో విలియం. అతను అరబీ చదువుతాడు, రాస్తాడు. వంటవాడితో సహా కొలువంతా ముస్లింలే. ఒకసారి భూకంపం వస్తే భవనంలో అందరూ తలో దేవుణ్ణి పిలుస్తున్నారట, రాజు వాళ్ళని కసురుకోకుండా ఎవరి దేవుణ్ణి వాళ్ళు తల్చుకోండి అన్నాడట. యాత్రికుడు ముచ్చటపడి రాస్తాడు ఇదంతా. రాసిన కాసేపటికే, అబ్దుల్ మసీహ్ అనే పెద్ద ఉద్యోగి తనని పక్కకి పిలిచి చెప్పిన మాటలు రాస్తాడు. మీరు మీ మతాన్ని బాహాటంగా చెప్పుకోగలరు, మేం ప్రాణభయంతో దాచుకుంటున్నాం అన్నది దాని సారాంశం. మక్కా నుంచి తెచ్చిన పవిత్ర వస్తువేదైనా ఉంటే ఇమ్మని అడిగాడట.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే. రాజుకి అవసరమైనవాళ్ళు, రాజు ప్రేమగా చూసుకున్నవాళ్ళు. కానీ రాజు తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు. వీధిలో పలుకుబడి లేదు, సొంత సైన్యం లేదు, రాజు మారితే ఏమిటన్నది రాసిపెట్టిన చట్టం లేదు. ఇతర దేశాల్లో పర్మిట్ల మీద పనిచేసే మనం, మా స్కిల్‌కి ఇక్కడ గౌరవం ఉందండీ అని ఇంటికి ఫోన్లో చెబుతూ ఉంటాం. నిజమే, ఉంది. మనకి కోర్టులున్నాయి, వెనక్కి వెళ్ళటానికి దేశం ఉంది, కాబట్టి వాళ్ళ కష్టంతో మన కష్టాన్ని పోల్చటం అన్యాయం. అయినా కాఫీ తాగుతూ వీసా పొడిగింపుల గురించి మాట్లాడుకునే రోజున నాకు అబ్దుల్ మసీహ్ గుర్తొస్తాడు.

ఇక కారు తీయండి. పలెర్మో నుంచి మోన్‌రియాలె పది కిలోమీటర్లు కూడా ఉండదు, కొండ మీదికి. రెండో విలియం 1170లలో కట్టించిన పెద్ద చర్చి. లోపల ఆరు వేల చదరపు మీటర్లకి పైగా మొజాయిక్కు. అందరూ అది చూసి వెనక్కి వెళ్ళిపోతారు. మీరు చర్చి వెనకవైపు నుంచి కిందికి, దక్షిణంగా కనిపించే కొండల వంక చూడండి. ఆ కొండలన్నీ విలియం ఈ మఠానికి రాసిచ్చాడు, మీది మనుషులతో సహా. 1178లోనూ 1183లోనూ ఇచ్చిన జాబితాల్లో ఊరూరా ముస్లిం రైతు కుటుంబాల పెద్దల పేర్లు అరబీలో ఉన్నాయి. 1182లో ఇచ్చిన ఇంకో దస్తావేజులో దాదాపు 50 ఎస్టేట్ల హద్దులు లాటిన్‌లో, అరబీలో. ఫలానా ఊట నుంచి ఫలానా గుహ దాకా, అక్కణ్ణించి బాట వెంట వాగు దాకా అని సాగుతుంది. మన తాతల దస్తావేజుల్లో చెక్కుబందీ చదివినవాళ్ళకి పరిచయమైన రాతే.

అరబీలో రాసుకునే రాజు లెక్కలోంచి లాటిన్ మఠం లెక్కలోకి ఇలా వేల కుటుంబాలు మారాయి. రాజుకి వాళ్ళు పన్ను కట్టేవాళ్ళే కాదు, తన దర్జాలో ఒక భాగం. మఠానికి వాళ్ళు కౌలు కట్టాల్సిన అన్యమతస్థులు, అంతే.

1189 నవంబరులో రెండో విలియం పిల్లల్లేకుండా చనిపోయాడు. కొన్ని నెలల్లోనే పలెర్మోలో ముస్లింల మీద మళ్ళీ దాడులు. మిగిలినవాళ్ళు ఈ కొండల్లోకి పారిపోయారు. అక్కణ్ణించి దాదాపు 55 ఏళ్ళు పోరాటం. మఠానికి కౌలు కట్టటం మానేశారు, కోటలు పట్టుకున్నారు, ఇబ్న్ అబ్బాద్ అనే నాయకుడు సొంత నాణేలు కూడా వేయించాడు. అతని స్థావరాల్లో ముఖ్యమైనది యాతో కొండ.

అక్కడికి వెళ్ళాలంటే పలెర్మో నుంచి ష్యాక్కా వైపు వెళ్ళే 624 నంబరు రోడ్డు పట్టుకోవాలి. ముప్పై కిలోమీటర్లకి సాన్ జుసెప్పె యాతో ఎగ్జిట్. పైన గుర్తుపెట్టుకోమన్న ఊరు ఇదే. రిమోట్ నొక్కిన బ్రూస్కా ఊరు. పక్కనే సాన్ చిపిరెల్లో. రెండు ఊళ్ళ మీదా నిలబడి ఉంటుంది యాతో కొండ, 850 మీటర్ల ఎత్తు. సన్నటి రోడ్డు మీద మెల్లగా ఎక్కి, ఆఖర్న కాస్త నడవాలి. వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. పైన గ్రీకుల కాలపు థియేటరు, సంత మైదానం, పెద్ద ఇళ్ళ పునాదులు. జూరిక్ విశ్వవిద్యాలయంవాళ్ళు 1971 నుంచి తవ్వుతున్నారు. ఆ గ్రీకు రాళ్ళ మధ్యే, వాటినే వాడుకుని ఇళ్ళు కట్టుకుని చివరి ముస్లింలు ఉన్నారు. నేను వెళ్ళిన రోజు మేమిద్దరం, కాపలా మనిషి, గాలి. కింద గోధుమ పొలాలు, ద్రాక్షతోటలు. 1182 దస్తావేజులో నడిచిన హద్దులు దాదాపు అన్నీ ఇక్కణ్ణించి కనిపించే చోట్లే.

వీళ్ళ మీదికి వచ్చిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్. రోజర్ మనవడు. పలెర్మోలోనే పెరిగినవాడు, అరబీ వచ్చినవాడు, ఈజిప్టు సుల్తానుతో తత్వశాస్త్రం, గణితం చర్చించినవాడు. చరిత్ర పుస్తకాల్లో అతనూ పరమత సహనానికి ప్రతీకే. 1222లో ఇబ్న్ అబ్బాద్‌ని పట్టుకుని పలెర్మోలో చంపించాడు. తర్వాతి రెండు దశాబ్దాల్లో పశ్చిమ సిసిలీ ముస్లింలని విడతలు విడతలుగా పెకిలించి, ఇటలీ ప్రధాన భూభాగంలో, పూల్యాలోని లుచేరా అనే ఊరికి తరలించాడు. లెక్కలు వేరువేరుగా చెబుతారు గానీ పదిహేను ఇరవై వేల మందికి తక్కువ కాదంటారు. 1246లో యాతో, ఎంతెల్లా కొండలు లొంగిపోయాయి. యాతోని నేలమట్టం చేశారు.

లుచేరాలో మాత్రం వాళ్ళని బాగానే చూసుకున్నాడు. మసీదులు కట్టుకోనిచ్చాడు. వాళ్ళలోంచే తన విలుకాళ్ళని, అంగరక్షకుల్ని ఎంచుకున్నాడు. ఎందుకంటే చుట్టూ క్రైస్తవుల మధ్య ఒంటరిగా ఉన్నవాళ్ళు రాజుకి తప్ప ఎవరికీ విధేయులు కాలేరు, పోపు వెలివేస్తానన్నా వాళ్ళకి బెదురు లేదు. అంటే మళ్ళీ అదే ఏర్పాటు. అది ఇంకో 50 ఏళ్ళు నడిచింది. 1300 ఆగస్టులో అంజూ వంశపు రెండో చార్లెస్ లుచేరా మీద పడి, ఊరిని ఖాళీ చేయించి, జనాన్ని బానిసలుగా అమ్మించాడు. ఆస్తులు ఖజానాకి పోయాయి.

2015లో యునెస్కో అరబ్-నార్మన్ పలెర్మో అన్న పేరుతో తొమ్మిది కట్టడాల్ని వారసత్వ జాబితాలో చేర్చింది. రాజభవనం, లా జీసా, మోన్‌రియాలె, చెఫలూ చర్చి, అన్నీ ఉన్నాయి. యాతో లేదు, ఎంతెల్లా లేదు. అందం ప్రకారం చూస్తే వాళ్ళ ఎంపికని తప్పుపట్టలేం. కానీ ఆ తొమ్మిదీ చూసి ఇంటికెళ్ళినవాడు స్వర్ణయుగం దానంతటదే చల్లగా సూర్యాస్తమయంలా ముగిసిందనుకుంటాడు.

ఖాళీ అయిన కొండల్లో ఏం జరిగింది? ఊళ్ళు పోయి పెద్ద పెద్ద గోధుమ ఎస్టేట్లు వచ్చాయి. యజమానులు ఎక్కడో నగరాల్లో, కౌలు వసూలుకి గబెల్లోతో అనే మధ్యవర్తి, అతనికి తుపాకీ పట్టిన కాపలావాళ్ళు. 19వ శతాబ్దంలో పశ్చిమ సిసిలీలో మాఫియా పుట్టిన చోట్లలో ఇదొకటి. కొందరు 1246 నుంచి బ్రూస్కా దాకా ఒకటే గీత గీసేస్తారు. దాదాపు ఏడు వందల యాభై ఏళ్ళని ఒక్క గీతతో దాటించటం నాకు నచ్చదు. మధ్యలో స్పెయిన్ పాలన ఉంది, 1812లో ఫ్యూడల్ హక్కుల రద్దు ఉంది, నిమ్మతోటల డబ్బు ఉంది. నేల ఒకటే అన్నంతవరకు ఒప్పుకుంటాను.

తిరుగు ప్రయాణంలో హైవే వద్దు. సాన్ జుసెప్పె యాతో నుంచి కొండ దారిలో పియానా దెల్యి అల్బనేసి మీదుగా రండి. మధ్యలో కనుమ దగ్గర పోర్తెల్లా దెల్లా జినేస్త్రా వస్తుంది. 1947 మే 1న చుట్టుపక్కల మూడు ఊళ్ళ రైతులు పిల్లాపాపలతో మే డే చేసుకోటానికి అక్కడ చేరారు. పది రోజుల ముందే సిసిలీ ఎన్నికల్లో వామపక్ష కూటమి గెలిచింది, బీడు ఎస్టేట్లు పంచుతారన్న ఆశ. (ఆ రోజుల్లోనే మన నల్గొండలో దేశ్‌ముఖుల భూముల మీద పోరాటం నడుస్తోంది.) కొండ మీది నుంచి సాల్వతోరె జులియానో ముఠా మిషన్ గన్లతో కాల్చింది. పదకొండు మంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలున్నారు. ముఠా వెనక ఎవరున్నారన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అక్కడ గడ్డిలో పెద్ద పెద్ద బండరాళ్ళు నిలబెట్టి ఉంటాయి, పేర్లు చెక్కి.

కనుమ దిగితే పియానా. 15వ శతాబ్దంలో తుర్కుల దాడులకి అల్బేనియా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ ఊరు. వాళ్ళకి నేల ఇచ్చింది ఎవరనుకున్నారు, మోన్‌రియాలె ఆర్చిబిషప్పే. ముస్లిం రైతుల్ని పోగొట్టుకున్న అదే మఠం భూములు, 242 ఏళ్ళ తర్వాత. ఈసారి వచ్చినవాళ్ళు మాట మీద ఆధారపడలేదు. 1488 ఆగస్టు 30న షరతులన్నీ రాసుకుని ఒప్పందం చేసుకున్నారు. ఎంత కౌలు, ఏ హక్కులు, అన్నీ కాగితం మీద. చర్చిలో గ్రీకు పద్ధతి ప్రార్థన నిలుపుకున్నారు, అందుకని 1941 దాకా ఆ ఊరిని గ్రీకుల పియానా అనేవాళ్ళు. ఇప్పటికీ ఇళ్ళలో అర్బరెష్ అనే పాత అల్బేనియన్ మాట్లాడతారు, వీధుల పేర్లు రెండు భాషల్లో ఉంటాయి. కన్నోలీ కూడా సిసిలీ మొత్తం మీద ఇక్కడే పెద్దవని పేరు, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. అక్కణ్ణించి పలెర్మో పాతిక కిలోమీటర్లు, అంతా మలుపులే. వెలుతురుండగా దిగండి.